‘మీకెవరున్నారు?’ అని అడిగే వదిన

మా వదిన పోయిన పొద్దున నేను ఇద్దరికే ఫోన్ చేశాను. ఒకరు ఆమెతో కలిసి రోగుల ఇళ్లకు తిరిగిన నర్సు. ఆమెను మేమంతా సిస్టర్ అనే పిలుస్తాం. రెండో ఆమె ఫిలింనగర్ బస్తీలో ఉండే ఒక ఫైటర్ భార్య. సినిమాల్లో హీరో చేతిలో దెబ్బలు తిని ఎగిరిపడే వాళ్లను ఇక్కడ ఫైటర్లంటారు. ఆయన పోయి చాలాకాలమైంది. వాళ్లిద్దరికీ చెప్పాక ఇంకెవరికి చెప్పాలో తోచక ఫోన్ పక్కన పెట్టేశాను.

ఎండ గేటు మీదికి రాకముందే మా వీధి నిండిపోయింది. షేక్‌పేట వైపు నుంచి నడిచి వచ్చినవాళ్లు, బస్తీ మెట్లు దిగి వచ్చినవాళ్లు, శ్రీనగర్ కాలనీ నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు. షూటింగ్‌కి బయల్దేరిన కారవాన్ ఒకటి మలుపులో ఇరుక్కుపోయింది. డ్రైవర్ హారన్ కొట్టకుండా బండి ఆపి దిగి నిలబడ్డాడు. మా అన్న నడుంనొప్పితో నిలబడలేక వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. వచ్చిన ప్రతి మనిషీ అతని చేతులు పట్టుకుని ఒక మాట చెప్పి పక్కకు తప్పుకుంటున్నారు. కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచాడు.

“వీళ్లంత ఎవరు?”

“వదిన తిరిగిన ఇండ్లోళ్లన్నా.”

“గింతమందా?”

అవునన్నట్టు తల ఊపాను. అన్న తల దించుకున్నాడు. ఆ మొహంలో ఉన్నది దుఃఖం ఒక్కటే అయితే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేదాన్నేమో. వీళ్లలో చాలామంది అంతకుముందు మా గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లే. ఆ సంగతి అతనికి అప్పుడప్పుడే గుర్తొస్తోంది.

అదంతా చెప్పాలంటే వదిన సంగతి మొదట్నుంచీ చెప్పాలి.

వదినది తెనాలి వైపు. మాది షేక్‌పేట పాత ఊరు. పెళ్లై మా ఇంటికి వచ్చేనాటికి ఆమె మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. అన్న షూటింగులకు జనరేటర్ వ్యాన్లు కిరాయికిచ్చేవాడు. నేను డబ్బింగ్ థియేటర్ల చుట్టూ తిరుగుతున్నాను. గొంతు బాగుందనేవాళ్లు, నోరు విప్పితే వద్దనేవాళ్లు. నా నోట్లో షేక్‌పేట అలాగే ఉండేది. వదిన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేది.

“‘ఏంది’ కాదు పిల్లా, ‘ఏంటి’. నాలుక పైకి ఆనించు. నా నోరు కొన్నాళ్లు వాడుకో, పనైపోయాక తిరిగిచ్చెయ్.”

ఆ నోటితోనే ఇన్నేళ్లుగా అన్నం తింటున్నాను. ఈమధ్య సినిమాల్లో మా మాటకూ చోటు దొరికి, తెలంగాణ పాత్రకు నన్నే పిలిపించిన రోజున ఇంటికొచ్చి చెబితే, ఆమె తన విజయంలా మురిసిపోయింది. “ఇంక నా నోరు నాకిచ్చెయ్యొచ్చు” అంది.

ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. అందరూ పళ్లెం అంచున పెట్టే కరివేపాకు నమిలి మింగేసేది. ఎవరింటికైనా చెప్పిన టైముకంటే ముందే చేరుకునేది కానీ లోపలికి వెళ్లేది కాదు. ఇల్లు సర్దుకుంటూ ఉంటారు, కంగారుపడతారని వీధి చివర నిలబడేది. రోగి ఉన్న ఇంటి గుమ్మం దగ్గర ముందు చెప్పుల్ని చూసేది. ఎన్ని జతలున్నాయి, ఆడవాళ్లవా మగవాళ్లవా, ఎప్పుడూ అవే ఉంటున్నాయా అని. ఇంకొకటి, ‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అనే మాట ఆమె నోటి వెంట ఎప్పుడూ వినలేదు. ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు.

దానికొక కారణం ఉంది. వాళ్ల నాన్న మంచాన పడి పోయినప్పుడు ఊళ్లో సగం మంది వచ్చి ఆ మాటే చెప్పి వెళ్లారట. వాళ్లమ్మ ఒక్కరినీ ఒక్కటీ అడగలేదు. ఆయన పోయిన నెలలోపే ఆవిడ కూడా మంచం పట్టింది. “చెప్పండి అనడం తేలికే. ఎవరికి, ఏం చెప్పాలో ఆలోచించే ఓపిక ఆ ఇంట్లో ఎవరికుంటుంది?” అనేది వదిన.

ఆఫీసులో ఆమె పని ఒక ఫోన్ కంపెనీ కోసం. ఎవరు ఎవరితో మాట్లాడుకుంటున్నారో చూసి, ఒక మనిషి ఆ కంపెనీ వదిలేస్తే అతని వెనక ఇంకెవరెవరు వెళ్లిపోతారో ముందే అంచనా కట్టడం. దాన్ని సోషల్ నెట్‌వర్క్ మోడలింగ్ అంటారని చెప్పింది. నేను ఫోన్లో ఫొటోలు పెట్టుకునేదే అనుకున్నాను. “అది కాదే. ప్రతి మనిషీ ఒక చుక్క. ఒకరికొకరు పనికొచ్చేవాళ్ల మధ్య ఒక గీత. ఇంటి ముందు ముగ్గు లాంటిదే. కాకపోతే ఏ చుక్క చెరిపేస్తే ముగ్గంతా విడిపోతుందో కంప్యూటర్ చెబుతుంది.”

వాళ్లమ్మ కూడా పోయాక ఆ విద్యను ఆమె వేరేచోటికి తీసుకెళ్లింది. బంజారా హిల్స్ చివర ఒక చిన్న ట్రస్టు ఉంది. ఇక నయం కాదని తేలిన రోగుల ఇళ్లకు నర్సుల్ని పంపి, నొప్పి తగ్గేలా, పుండ్లు పడకుండా, ఊపిరి కాస్త తేలిగ్గా ఆడేలా చూసుకుంటారు. పాలియేటివ్ కేర్ అంటారు దాన్ని. నర్సులు కొద్దిమంది, ఇళ్లు చాలా. సిస్టర్ వారానికోసారి వస్తుంది. మిగతా రోజులన్నీ ఆ ఇంటివాళ్లవే. ఆ మిగతా రోజుల కోసం వదిన ఉద్యోగం సగానికి తగ్గించుకుని సిస్టర్‌తో తిరగడం మొదలుపెట్టింది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మొదట అడిగే మాట ఒకటే. ఎలా ఉన్నారని కాదు, “మీకెవరున్నారు?” అని.

ఫైటర్ ఇంటికి నన్నూ తీసుకెళ్లింది. “ఆయనా సినిమా మనిషే, నువ్వూ సినిమా మనిషివే. కాసేపు పక్కన కూర్చుని ఏవైనా కబుర్లు చెప్పు” అంది. మేడల మీంచి దూకినవాడు, అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డవాడు. నోట్లో క్యాన్సర్. దవడకు గుడ్డ కట్టి ఉంది. మాట రాదు. నేను చూసిన షూటింగుల సంగతులు చెబుతుంటే కళ్లతో నవ్వాడు. ఆయన భార్య చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది.

వదిన అడిగింది. “మీకెవరున్నారక్కా?”

“మస్తుమంది ఉన్నరు మేడం. ఫోన్లు ఆగయి.”

“ఫోన్ చేసి ఏం అడుగుతారు?”

“ఎట్లున్నడని. ఒక్కొక్కరికి మళ్ల మొదటికెల్లి చెప్తుంట. చెప్పి చెప్పి నోరు నొస్తది.”

“ఆయన్ని పక్కకు తిప్పాలంటే ఎవర్ని పిలుస్తారు?”

“ఎవర్ని పిలుస్త? నేనే తిప్పుత.”

“మీకు ఏడుపొస్తే?”

ఆమె నవ్వింది. “ఏడ్వనీకి టైమేడిది మేడం.”

ఇంటికొచ్చాక వదిన లాప్‌టాప్‌లో ఆ ఇంటి బొమ్మ చూపించింది. మధ్యలో ఫైటర్, పక్కన భార్య. చుట్టూ బోలెడన్ని చుక్కలు. అన్ని గీతలూ భార్య దగ్గరికే వస్తున్నాయి. ఆ చుక్కల్లో ఏ రెండింటి మధ్యా గీత లేదు. భార్య చుక్కను తీసేసి చూపించింది. ఫైటర్ తెర మధ్యలో ఒక్కడే మిగిలాడు.

“ఆయనకు జనం లేక కాదు. ఆ జనానికి ఒకరికొకరు తెలీదు. అందరూ ఈవిడ మీదుగానే రావాలి. వాళ్లు చూపించే ప్రేమ కూడా ఈవిడకు ఇంకో చాకిరీ అయిపోయింది” అంది.

ఆమె చేసింది పెద్ద పనిలా కనపడదు. బస్తీ మెట్ల కింద టీ కొట్టు దగ్గర నలుగురిని కూర్చోబెట్టింది. ఇద్దరు ఫైటర్ స్నేహితులు, పక్కింట్లో జాకెట్లు కుట్టే ఆవిడ, బోరబండలో ఉండే అతని మరదలు. ఎవరేం చేయగలరో వాళ్ల చేతే చెప్పించి, వాళ్ల నంబర్లు వాళ్లకిప్పించింది. “ఎలా ఉన్నాడని ఆవిడనడక్కండి. మీలో మీరు అడుక్కోండి” అని ఒక్క నియమం పెట్టింది. తర్వాతి వారం ఫైటర్ భార్య వదినను పట్టుకుని ఫిర్యాదులా చెప్పింది. “నిన్న పగటీలి నిద్రపోయిన మేడం. లేషి చూస్తే గుండె ఝల్లుమన్నది, ఈయనకు ఏమైందోనని. చూస్తే ఏంది, దోస్తు పక్కన కూసోని కాళ్లు పిసుకుతున్నడు.”

అందరి దగ్గరా ఇలా జరగలేదు. జూబ్లీహిల్స్‌లో ఒక పాత నిర్మాత ఉండేవాడు. గేటు దగ్గర పనివాళ్ల చెప్పులే వరసగా ఉండేవి. పేరు చెబితే సగం ఇండస్ట్రీకి తెలుసు. వదిన వేసిన ఆయన చుక్కల బొమ్మలో మాత్రం డ్రైవర్‌కు తప్ప ఇంకెవరికీ గీత పడలేదు. వదిన ఇద్దరు పాత స్నేహితుల్ని వెతికి పట్టుకుంది. ఆయన వాళ్లను రానివ్వలేదు. నేనిలా ఉండగా ఎవరూ చూడకూడదన్నాడు. వదిన బలవంతం చేయలేదు. తిరిగొచ్చి లాప్‌టాప్ మూసి పక్కన పెట్టింది. తర్వాత, “గీత నేను గీస్తాను. నడవాల్సింది మనుషులు కదా” అంది.

ఫైటర్ పోయాక ఒకసారి నేనే అడిగాను. “ఇంత చేస్తే ఏం మారింది వదినా? ఆయనైతే పోయిండు కదా.”

ఆమె కోప్పడలేదు. “పోవడం ఎలాగూ మారదు. పోయేవాళ్ల పక్కన ఉన్నవాళ్లు మిగలాలి కదే” అంది.

ఆ తర్వాతి ఏడాది ఆమెకే కడుపు ఉబ్బడం మొదలైంది. గ్యాస్ అనుకున్నాం. పరీక్షలు చేస్తే అండాశయంలో క్యాన్సర్, అప్పటికే పొట్టంతా పాకింది. ఆపరేషన్, కీమో, కొన్ని నెలలు నెమ్మదించడం, మళ్లీ రావడం. చివరికి ఆస్పత్రిలో పెద్ద డాక్టర్, ఇక ఈ మందుల వల్ల కష్టమే తప్ప లాభం లేదని చెప్పేశాడు. ఆ మాట విన్నప్పుడు గదిలో మేం ముగ్గురం ఉన్నాం. వదిన ఆయనకు థాంక్స్ చెప్పింది. అన్న ఇంకో ఆస్పత్రి పేరు అడిగాడు.

మా అన్న చేసిన సేవకు వంక పెట్టేందుకేమీ లేదు. వ్యాన్ల పని మొత్తం కుర్రాళ్లకు వదిలేశాడు. మాత్రలు నూరడం, బట్టలు మార్చడం, బాత్రూమ్‌కి ఎత్తుకుని తీసుకెళ్లడం, అన్నీ తనే. మా అమ్మనూ నన్నూ కూడా చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. పాలియేటివ్ కేర్ అంటే మాత్రం ఆ గుమ్మం తొక్కనివ్వనన్నాడు. భార్య ఏళ్ల తరబడి చేసిన పని అదేనని తెలిసి కూడా.

సిస్టర్ మొదటిసారి వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపాడు. “మేం ఇంక ట్రీట్మెంట్ల ఉన్నం సిస్టర్. అప్పుడే మీరు రావద్దు” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. సిస్టర్‌కు ఇలాంటి గేట్లు కొత్త కాదు. సరేనని వెళ్లిపోయింది. అమ్మకు వేరే భయం. “నలుగురి నోట్ల పడితే దిష్టి తగుల్తది. మన ఇంటి సంగతి మనింట్లనే ఉండాలె” అనేది.

నేను ఒకసారి ప్రయత్నించాను. “సిస్టర్‌ను ఒక్కసారి రమ్మందమన్నా. నొప్పికి వాళ్ల దగ్గర మంచి మందులుంటయంట” అన్నాను.

“వాళ్లొచ్చిండ్రంటే అయిపోయినట్టే. నీకు మీ వదిన పోవాల్నని ఉన్నదా?” అన్నాడు.

అది నా మీద కోపం కాదని తెలుసు. ఆ తర్వాత ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు.

వదిననే అడిగాను. “ఇన్ని ఇండ్లల్ల చెప్పినవు. అన్నకు చెప్పవేంది?”

“అక్కడ నేను బయటి మనిషిని, చెబితే విన్నారు. ఇక్కడ పేషెంటుని. పేషెంట్ మాట ఎవరు వింటారే?” అంది. దుప్పటి పైకి లాక్కుని, “ఆయన చేయగలిగింది ఇదొక్కటే. అది కూడా లాగేసుకుంటే ఏమైపోతాడో” అంది.

అయినా ఒక మధ్యాహ్నం నన్ను లాప్‌టాప్ తెమ్మంది. అన్న మందుల షాపుకి వెళ్లాడు. దిండ్లకు ఆనుకుని, ఊపిరి తీసుకుంటూ ఆగుతూ, మా ఇంటి బొమ్మ వేసింది. ఆమె, అన్న, అమ్మ, నేను. సిస్టర్, ఫైటర్ భార్య, ఆఫీసు స్నేహితులు, తెనాలిలో ఉన్న తమ్ముడు, అందరూ దూరంగా. వాళ్లలో ఎవరి గీతా అన్నను దాటి ఆమె దాకా రావడం లేదు. అన్న చుక్క మీద వేలు పెట్టి దాన్ని తీసేసింది. ఏమవుతుందో నేను చూసే లోపే గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. మందుల కవర్ చేతిలో ఉంది.

“నన్ను తీసేస్తవా?” అన్నాడు.

“తీసెయ్యడం కాదండీ. మీరు పడిపోతే ఏమవుతుందో చూస్తున్నాను.”

“నేను పడ.”

అన్న వచ్చి లాప్‌టాప్ మూసి బీరువా మీద పెట్టాడు. తర్వాత మంచం పక్కన కూర్చుని ఆమె పాదాలకు నూనె రాశాడు. ఆ గదిలో ఎవరి పక్షాన నిలబడాలో తెలియక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

నొప్పి ఎక్కువైంది. మాత్ర వేస్తే కక్కేసేది. అన్న కార్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు. అక్కడ సెలైన్ పెట్టి, ఇంజెక్షన్ చేసి, సాయంత్రానికి పంపేవాళ్లు. ప్రయాణానికే ఆమెకున్న బలమంతా అయిపోయేది. రెండు రోజులకు మళ్లీ మొదలు. వేళ్లు మడిచి దుప్పటి పట్టుకునేది కానీ అరిచేది కాదు. సినిమాల్లో పురిటినొప్పులకూ చావులకూ నేను ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు. అరుపు లేని నొప్పి ఎలా ఉంటుందో పక్కన కూర్చుని చూశాను. అప్పుడు నాకు చేతనైనవి తడిగుడ్డా, గ్లాసులో నీళ్లూ, అంతే.

ఒకరోజు ఫైటర్ భార్య వచ్చింది. నేను వదిన దగ్గరున్నాను. గేటు దగ్గర మాటలు కిటికీలోంచి స్పష్టంగా వినపడుతున్నాయి.

“అన్నా, మేడంని ఒక్కపారి చూసిపోత. ఏం మాట్లాడ.”

“పండుకున్నదమ్మా. మళ్ల చెప్త.”

“పులుసు తెచ్చిన. ఇదన్న తీసుకోండ్రి.”

“ఏం తింటలేదమ్మా. ఏమనుకోకు.”

వదిన కళ్లు తెరిచే ఉన్నాయి. “ఆవిడ గొంతే కదూ” అంది. అవునన్నాను. పిలవమంటుందేమోనని లేచి నిలబడ్డాను. ఆమె తల అడ్డంగా ఊపి గోడ వైపు తిరిగింది. గేటు మూసిన చప్పుడయ్యేదాకా నేను అలాగే నిలబడి ఉన్నాను.

అన్న పడిపోయాడు. నేను ఆ సమయానికి థియేటర్లో రికార్డింగ్‌లో ఉన్నాను, అమ్మ తర్వాత చెప్పింది. వదినను బాత్రూమ్ నుంచి ఎత్తుకుని వస్తుంటే నడుం పట్టేసి, ఇద్దరూ గడప దగ్గర కూలిపోయారు. ఆమెకు దెబ్బ తగలకుండా తను కింద పడ్డాడు. ఆ తర్వాత కదలలేకపోయాడు. అమ్మ ఇద్దర్నీ లేపబోయింది. ఆమె వయసుకు అది అయ్యే పనేనా? అప్పుడు, ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలన్న మా అమ్మ, పైట కూడా సర్దుకోకుండా వీధిలోకి పరుగెత్తి కనిపించిన వాళ్లనల్లా పిలిచింది. ఇస్త్రీ బండి అతనూ, ఎదురింటి వాచ్‌మనూ వచ్చి వదినను మంచం మీదికి చేర్చారు. అన్నను చాప మీదికి జరిపారు.

నేను వచ్చేసరికి అలా ఉన్నారు, ఆమె మంచం మీద, అతను కింద చాప మీద. అన్న నన్ను చూసి కళ్లు మూసుకున్నాడు. నేను ఎవర్నీ అడగకుండా ఫోన్ తీసి సిస్టర్‌కూ, ఫైటర్ భార్యకూ చేశాను.

సిస్టర్ వచ్చి వదిన భుజం దగ్గర చర్మం కింద సన్నటి సూది పెట్టి, మింగే పని లేకుండా అందులోంచి నొప్పిని అణిచే మార్ఫిన్ వెళ్లేలా చేసింది. కొంతసేపటికి వదిన వేళ్లు దుప్పటి వదిలాయి. చాలా రోజుల తర్వాత ఆమె నిద్రపోవడం చూశాను. ఫైటర్ భార్య లోపలికి వచ్చి అన్న పక్కన కూర్చుంది. అతను మొహం తిప్పుకోబోయి, నడుం తిరగక ఆగిపోయాడు.

“పండుకోండ్రి అన్నా. నేను గిట్లనే పడ్డ. మనం పడితే వాళ్లు ఇంక బాధపడ్తరు” అంది.

అన్న కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి కూడా లేపలేదు.

అప్పట్నుంచి మా ఇంటి తలుపు వేయలేదు. ఎవరు ఎవరికి చెప్పారో తెలీదు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వచ్చేవాళ్లు. ఎలా ఉందని మమ్మల్ని అడగలేదు. గుమ్మం దగ్గరే తమలో తాము మాట్లాడుకుని లోపలికి వచ్చి, చెయ్యాల్సింది చేసి వెళ్లేవాళ్లు. స్టీలు డబ్బాల్లో అన్నం, పప్పుచారు, అమ్మకు మెత్తటి ఇడ్లీలు వచ్చేవి. అదంతా ఎన్నాళ్లో సాగలేదు. ఆలస్యమైపోయింది.

ఒక సాయంత్రం మంచం మీంచి వదిన చెయ్యి కిందికి వేలాడేసింది. అన్న చాప మీంచి చెయ్యి చాపాడు. కొంచెంలో అందలేదు. నేను వంగి చాపను కాస్త జరపగానే అన్న నొప్పికి అరిచాడు. వదిన వద్దని సైగ చేసింది. అలాగే మాట్లాడుకున్నారు.

“తిన్నారా?”

“తిన్న. పప్పుచారు మంచిగుండె.”

“ఎవరు తెచ్చారు?”

“ఎవరో. నాకెర్కలేదు.”

“అడగండి” అంది వదిన. “అడిగితే చెబుతారు.”

తర్వాత ఆమె ఎక్కువ మాట్లాడలేదు. చివరి రెండు రోజులూ గొంతులో గురక. సిస్టర్ చేయగలిగిందంతా చేసింది. అది ఆమెను అంతగా బాధపెట్టదని కూడా చెప్పింది. మా చెవులు ఆ మాట నమ్మలేదు. గది నిండా మనుషులు. నీళ్లు పట్టేవాళ్లు, పాదాలు నిమిరేవాళ్లు, అమ్మను పట్టుకున్నవాళ్లు. ఇంతమంది ఉండీ ఆ ఊపిరిని ఒక్కటి ఎక్కువ చేయలేకపోయాం, ఒక్కటి తేలిక చేయలేకపోయాం. వదిన ఉంటే, అది మీ పని కాదే అనేదేమో. తెల్లవారి పాలవాడు వెళ్లాక, అమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి ఉండగా, ఊపిరి ఆగింది.

ఆమె పని ఆగలేదు. లాప్‌టాప్ ఇప్పుడు ట్రస్టులో ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి సిస్టర్‌తో ఇళ్లకు వెళ్లి అదే మాట అడుగుతోందట. నేను డబ్బింగ్‌కి వెళ్తున్నాను. కొన్ని మాటలు పలికేటప్పుడు అది ఎవరి నోరో గుర్తొచ్చి టేక్ ఆపమంటాను. ఇంజినీర్ కారణం అడగడు, మంచివాడు. ఆమె నాకిచ్చినదానికి కృతజ్ఞత చెప్పాలని ఇది రాయడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఆమెకు మేం ఇవ్వలేకపోయినదే ఎక్కువ వచ్చింది. చదివేవాళ్లు మన్నించాలి.

కర్మలన్నీ అయ్యాక, మొన్న ఆదివారం, అన్న తిరిగిచ్చేందుకు ఆ స్టీలు డబ్బాలన్నీ కడిగి డైనింగ్ టేబుల్ మీద బోర్లించాడు. చిన్నవీ పెద్దవీ, సొట్టలు పడ్డవీ, అడుగున పేర్లు చెక్కినవీ, ఏమీ లేనివీ. మూతలన్నీ ఒక పక్కన కుప్ప. ఒక్కో మూత తీసి ఒక్కో డబ్బాకు పెట్టి చూస్తున్నాడు. కొన్ని వదులు, కొన్ని బిగువు. నేను సాయం చేయబోతే వద్దన్నాడు. అమ్మ ఒకటి చూపించి, ఇది ఫలానా వాళ్లదేమో అంది. ఆమెకూ సరిగ్గా తెలీదు.

చివరికి మూత సరిగ్గా కూర్చున్న ఒక డబ్బా తీసుకుని, చెప్పులేసుకుని, నెమ్మదిగా గేటు దాటాడు. కిటికీలోంచి చూస్తున్నాను. వీధి మధ్యలో నిలబడి ఒకసారి షేక్‌పేట వైపు చూశాడు, ఒకసారి బస్తీ మెట్ల వైపు చూశాడు. ఎండ డబ్బా మీద పడి మెరుస్తోంది. దాన్ని రెండు చేతులా పొట్టకు ఆనించి పట్టుకుని, ఎటు వెళ్లాలో అడుగుదామని, ఎవరైనా వస్తారేమోనని అక్కడే నిలబడి ఉన్నాడు.